బజ్జీల మూకుడు నుంచి బండి ట్యాంకు దాకా



డీజిల్ బండి ఉన్నవాళ్లు ఈమధ్య తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "డీజిల్‌లో బయోడీజిల్ కలుపుతారట కదండీ, ఇంజిన్ పాడైపోదా?" అని. ట్రాక్టరున్న రైతు అడుగుతాడు, ట్రావెల్స్ కారు తోలే డ్రైవరు అడుగుతాడు, స్కూలు బస్సుల యజమాని అడుగుతాడు. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపి అమ్మడం మొదలయ్యాక ఈ అనుమానం ఇంకా బలపడింది. అందుకని ముందుగా ఒక మాట. ఇథనాల్ వేరు, బయోడీజిల్ వేరు. చెరకు మడ్డి నుంచి, మొక్కజొన్న నుంచి, నూకల నుంచి తీసే ఆల్కహాల్ ఇథనాల్. అది పెట్రోలులో కలుస్తుంది. బయోడీజిల్‌ను నూనెలతో, కొవ్వులతో తయారు చేస్తారు. అది డీజిల్‌లో కలుస్తుంది. ఒకదాని మంచిచెడ్డలు ఇంకోదానికి అంటగట్టకూడదు.

నా అభిప్రాయం కూడా ముందే చెప్పేస్తాను. ప్రమాణాలకు నిలిచిన బయోడీజిల్‌ను, బండి తయారీదారు ఒప్పుకున్న శాతంలో కలిపి పోసుకుంటే భయపడవలసింది ఏమీ లేదు. చిక్కు రెండు చోట్ల ఉంది. ఆ నూనె ఎక్కడినుంచి వస్తోంది అన్నది ఒకటి. బయోడీజిల్ పేరుతో డ్రమ్ములో ఉన్న సరుకు నిజంగా బయోడీజిలేనా అన్నది రెండోది. ఈ రెండూ తేలకపోతే ఇంజిన్ గురించి ఎంత మాట్లాడుకున్నా ప్రయోజనం లేదు.

నూనెతో ఇంజిన్ నడపడం ఇవాళ కొత్తగా పుట్టిన ఆలోచన కాదు. డీజిల్ ఇంజిన్‌కు ఆ పేరు వచ్చింది రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజినీరు వల్ల. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఓటో కంపెనీ ఒక చిన్న డీజిల్ ఇంజిన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపించింది. అనంతపురం, కర్నూలు శ్రోతలకు ఈ సంగతి ముచ్చటగా ఉంటుంది. 1937లో బెల్జియం శాస్త్రవేత్త జి. షవాన్ పామాయిల్‌ను రసాయనికంగా మార్చి ఇంధనంగా వాడే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. మరుసటి ఏడాది బ్రస్సెల్స్ నుంచి లువెన్ దాకా ఒక బస్సు ఆ ఇంధనంతో తిరిగింది. ఆ తర్వాత రాతినూనె చవగ్గా దొరకడంతో ఈ దారి మూతపడింది.

షవాన్ ఆ నూనెను ఉన్నదున్నట్టు పోయకుండా ఎందుకు మార్చవలసి వచ్చింది? మామూలు వంటనూనె చిక్కదనం డీజిల్‌కు ఇంచుమించు పదింతలు. ఇంజెక్టరులోని సన్నని రంధ్రాల గుండా డీజిల్ పొగమంచులా చిమ్ముకుంటూ సిలిండరులోకి వెళ్లాలి. చిక్కటి నూనె అలా చిమ్మదు, బొట్లు బొట్లుగా పడుతుంది. సగం కాలి సగం కాలక నాజిల్ కొనల మీద మసి గడ్డకడుతుంది, పిస్టన్ రింగులు పట్టేస్తాయి. ఇంజిన్ ఆయిల్ చిక్కబడి చెడిపోతుంది. పాతకాలపు నీళ్ల ఇంజిన్లు కొన్నాళ్లపాటు దీన్ని ఓర్చుకున్నాయేమో గానీ ఇప్పటి కామన్ రైల్ ఇంజిన్లు అసలు ఓర్చుకోవు. కాబట్టి కానుగ నూనె గానీ, వంటనూనె గానీ నేరుగా ట్యాంకులో పోసి "బయోడీజిల్ పోశాను" అనుకోవద్దు. అది వట్టి నూనె.

మార్పు ఎలా జరుగుతుందో చూడాలంటే ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో ఒక గాజు పాత్ర చాలు. మలినాలు, తేమ లేకుండా వడకట్టిన నూనెను 60 డిగ్రీల దాకా వేడి చేస్తారు. మిథనాల్‌లో కొద్దిగా కాస్టిక్ సోడా కరిగించి ఆ నూనెలో పోసి గంటసేపు కలుపుతారు. తర్వాత కదపకుండా వదిలేస్తారు. చూస్తుండగానే పాత్రలో రెండు పొరలు విడిపోతాయి. అడుగున ముదురు గోధుమరంగులో, బంకలా, బరువుగా చేరేది గ్లిజరిన్. పైన తేనెరంగులో తేటగా నిలిచేది బయోడీజిల్. నూరు కిలోల నూనెకు పది కిలోల మిథనాల్ పోస్తే సుమారు నూరు కిలోల బయోడీజిల్, పది కిలోల గ్లిజరిన్ వస్తాయి. ఆ పైపొరను నీళ్లతో కడిగి, మిగిలిన మిథనాల్‌ను, సబ్బును, తేమను తొలగించాలి. అసలు పనితనం అంతా ఈ కడగడంలో, ఆరబెట్టడంలో ఉంది. ఇక్కడ చెయ్యి దులుపుకుంటే రేపు ఇంజెక్టరు దెబ్బతింటుంది.

పదేపదే వేయించిన నూనెలోనూ, కానుగ నూనెలోనూ ఆమ్లం పాలు ఎక్కువ. నేరుగా కాస్టిక్ సోడా వేస్తే బయోడీజిల్‌కు బదులు సబ్బు తయారవుతుంది. అందుకని ముందు సల్ఫ్యూరిక్ ఆమ్లంతో ఒక విడత శుద్ధి చేసి, తర్వాత ఈ పని మొదలుపెడతారు. వీడియోలు చూసి ఇంట్లో చేద్దామనుకునే కుర్రాళ్లకు గట్టిగా చెబుతున్నాను, వద్దు. మిథనాల్ విషం. దాని ఆవిరి పీల్చినా, చర్మం మీద పడినా ప్రమాదం. మంట పుట్టిందంటే పగటి వెలుగులో ఆ మంట కంటికి సరిగ్గా కనబడదు కూడా.

ఇక కలిపే లెక్క. బి 5 అంటే 5 పాళ్లు బయోడీజిల్, 95 పాళ్లు మామూలు డీజిల్. బి 20 అంటే 20 పాళ్లు. బి 100 అంటే పూర్తిగా బయోడీజిలే. మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ డీజిల్ ప్రమాణం 7 శాతం దాకా బయోడీజిల్ కలపడానికి అనుమతిస్తుంది. యూరప్ మామూలు డీజిల్ ప్రమాణంలోనూ ఇదే హద్దు. అంతకన్నా ఎక్కువగా, 20 శాతం దాకా ఉండే మిశ్రమాలకు మన దగ్గర వేరే ప్రమాణం ఉంది. 2015 ఆగస్టు 10న దేశంలో తొలిసారి కొన్ని బంకుల్లో బి 5 అమ్మకం మొదలుపెట్టినప్పుడు ఢిల్లీ, హల్దియాలతో పాటు విజయవాడ, విశాఖపట్నం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అంటే మన ఊళ్ల బళ్లకు ఇది ఎప్పుడో పరిచయమైన ఇంధనమే.

బండిలో ఏం జరుగుతుందో ఇప్పుడు వివరంగా చూద్దాం.

మొదట మేలు సంగతి. 2020 ఏప్రిల్ 1 నుంచి మనకు బీఎస్ 6 డీజిల్ వచ్చింది. అందులో గంధకం పది లక్షల పాళ్లకు పది పాళ్లు మించదు. గాలికి అది మంచిదే. అయితే గంధకాన్ని తీసేసే శుద్ధిలో డీజిల్‌కు సహజంగా ఉండే జిడ్డుగుణం కూడా పోతుంది. ఫ్యూయల్ పంపు, ఇంజెక్టరు లోపలి భాగాలు డీజిల్ జిడ్డుతోనే అరగకుండా నిలుస్తాయి. అందుకే రిఫైనరీలు విడిగా మందు కలపవలసి వస్తుంది. ఒకటి రెండు శాతం బయోడీజిల్ కలిస్తే ఆ జిడ్డుగుణం తిరిగి వస్తుంది. ఇంజిన్ అరిగిపోతుందని భయపడుతున్న వాళ్లు తెలుసుకోవలసిన సంగతి ఇది. ఆ కొద్దిపాటి బయోడీజిల్ పంపును అరగకుండా కాపాడుతుంది.

పొగ కూడా తగ్గుతుంది. బయోడీజిల్ అణువులోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి ఇంధనం నిండుగా కాలుతుంది. అమెరికా పర్యావరణ సంస్థ 2002లో చాలా ఇంజిన్ పరీక్షల ఫలితాలను క్రోడీకరించింది. బి 20 వాడితే మసి కణాలు 10 శాతం, కార్బన్ మోనాక్సైడ్ 11 శాతం, కాలని హైడ్రోకార్బన్లు 21 శాతం తగ్గాయని తేల్చింది. నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం 2 శాతం పెరిగాయి. అవి పాత ఇంజిన్ల లెక్కలు. కొత్త బళ్లలో పొగను శుద్ధి చేసే పరికరాలు ఉన్నాయి కనుక తేడా అంత కనబడదు. సిటీలో తిరిగే పాత లారీలకు, జనరేటర్లకు మాత్రం ఈ తగ్గుదల చిన్నదేమీ కాదు.

మైలేజీ? లీటరు బయోడీజిల్‌లో శక్తి లీటరు డీజిల్ కన్నా 8 శాతం దాకా తక్కువ. బి 5లో ఈ తేడా ఎవరికీ తెలియదు. బి 20లో ఒకటి రెండు శాతం. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారుకు పావు కిలోమీటరు తగ్గుతుంది. టైర్లలో గాలి తక్కువైతే పోయేది అంతకన్నా ఎక్కువ.

ఇప్పుడు ఇబ్బంది పెట్టే సంగతులు. బయోడీజిల్‌కు కడిగే గుణం ఉంది. పదేళ్లు నడిచిన బండి ట్యాంకు అడుగున తుప్పు, జిగురు, మడ్డి పేరుకుని ఉంటాయి. మామూలు డీజిల్ వాటి జోలికి పోదు. బయోడీజిల్ పాలు ఎక్కువున్న మిశ్రమం పోయగానే ఆ మడ్డి కరిగి, విడివడి, పైపుల్లోకి వస్తుంది. డీజిల్ ఫిల్టరు దగ్గర ఆగిపోతుంది. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు బండి ముక్కుతుంది, పికప్ ఉండదు, మిస్సింగ్ ఇస్తుంది. షెడ్డులో మెకానిక్ ఫిల్టరు విప్పితే లోపలి కాగితపు మడతల నిండా కాఫీ డికాక్షన్ రంగు మడ్డి. డ్రైవరు అక్కడే తేల్చేస్తాడు, "కొత్త డీజిల్ పాడుచేసింది" అని. నిజానికి ఆ మడ్డి పదేళ్లుగా ట్యాంకులో ఉన్నదే. పాత బండికి బి 20 లాంటివి మొదలుపెడితే, మొదటి ఒకటి రెండు ట్యాంకులు అయ్యాక ఫిల్టరు మార్చేయండి. ఆ తర్వాత మామూలుగా నడుస్తుంది.

పాత బళ్లలో సహజ రబ్బరుతో, నైట్రైల్ రబ్బరుతో చేసిన గొట్టాలు, వాషర్లు ఉంటే, బయోడీజిల్ ఎక్కువైనప్పుడు అవి ఉబ్బుతాయి, మెత్తబడతాయి, కారడం మొదలవుతుంది. కొత్త బళ్లలో వాడేది దాన్ని తట్టుకునే రబ్బరే. ఐదు, ఏడు శాతాలతో ఈ బెడద రాదు.

బీఎస్ 6 బళ్ల వాళ్లు ఇంకో సంగతి గమనించాలి. వీటిలో పొగలోని మసిని పట్టి ఉంచే ఫిల్టరు ఒకటి ఉంటుంది. అది నిండినప్పుడు ఆ మసిని కాల్చడానికి చాలా బళ్లలో ఇంజిన్ కాస్త అదనంగా డీజిల్‌ను ఆలస్యంగా చిమ్ముతుంది. అందులో కొంత సిలిండరు గోడల వెంట జారి కింద ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. మామూలు డీజిల్ అయితే ఆ వేడికి చాలావరకు ఆవిరైపోతుంది. బయోడీజిల్ అంత తేలిగ్గా ఆవిరి కాదు, ఆయిల్‌లోనే ఉండిపోయి దాన్ని పలచన చేస్తుంది. పొద్దున్నే ఆయిల్ గేజి తీసి చూసే అలవాటున్న డ్రైవర్లు ఆయిల్ తగ్గిందా అనే చూస్తారు. ఇక్కడ చూడవలసింది పెరిగిందా అని. పై గీత దాటి ఉంటే, వేలికి రాసుకుంటే జారుడు లేకుండా నీళ్లలా ఉంటే, ఆయిల్ వెంటనే మార్చాలి. అందుకే బీఎస్ 6 కారులో 7 శాతం దాటిన మిశ్రమం పోసేముందు బండితో ఇచ్చిన పుస్తకం తీసి చదవండి. అందులో ఒప్పుకోని ఇంధనం పోస్తే వారంటీ దగ్గర మాట పడవలసి వస్తుంది.

నిల్వ సంగతి రైతులకు ముఖ్యం. బయోడీజిల్ గాలిలోని తేమను డీజిల్ కన్నా ఎక్కువగా పీలుస్తుంది, గాలి తగిలితే పులుస్తుంది, నీరు చేరితే అందులో సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు కడుతుంది. వరికోత మిషన్లు ఒక సీజను అయ్యాక నెలల తరబడి షెడ్డులో నిలబడి ఉంటాయి. అలా నిలబెట్టే బండిలో ఎక్కువ శాతం మిశ్రమం వదిలేయకండి. ఆరు నెలలకు మించి ఎక్కడా నిల్వ పెట్టవద్దు. రాగి, ఇత్తడి పాత్రలు అసలు వాడకూడదు. వాటర్ సెపరేటరులో చేరిన నీటిని వారానికోసారి వదిలేయడం ఏ డీజిల్ బండికైనా మంచిదే, బయోడీజిల్ పోసే బండికి తప్పనిసరి.

చలికి కూడా కొంత ఇబ్బంది ఉంది. పామాయిల్ నుంచి వచ్చిన స్వచ్ఛమైన బయోడీజిల్ 15 డిగ్రీల దగ్గరే మసకబారి గడ్డకట్టడం మొదలవుతుంది. మన హోటళ్లలో కాగేది ఎక్కువగా పామాయిలే. కోస్తాలో, హైదరాబాదులో బి 5తో దీని ఊసే ఉండదు. జనవరి తెల్లవారుజామున లంబసింగిలోనో ఆదిలాబాదులోనో బి 100 పోసిన బండి మాత్రం స్టార్టు కాకపోవచ్చు.

ఇక ముడిసరుకు. మన దేశం ఎదురుదెబ్బ తిన్నది ఇక్కడే. 2003 ప్రాంతంలో అడవి ఆముదం మీద పెద్ద ఆశ పెట్టుకున్నాం. 2012 నాటికి డీజిల్‌లో 20 శాతం కలుపుతామని ప్రణాళిక వేసుకున్నాం. బీడు భూముల్లో నీళ్లు లేకుండా పండుతుందన్నారు. మొక్క బతికింది, నిజమే. కాయ కాయలేదు. నీళ్లు, ఎరువు లేనిదే చెప్పినంత దిగుబడి రాలేదు. ప్రభుత్వం లీటరు బయోడీజిల్ 26 రూపాయల 50 పైసలకు కొంటామని ప్రకటిస్తే తయారీ ఖర్చే అంతకు మించింది. తర్వాత గడువు 2017కు జరిగింది. 2018 విధానంలో లక్ష్యాన్ని 2030 నాటికి 5 శాతానికి కుదించారు. ఇప్పటికీ మనం కలుపుతున్నది ఒక్క శాతం కూడా లేదు. మాటలు నమ్మి అడవి ఆముదం వేసి నష్టపోయిన రైతుల బాధ నాకు ఇప్పటికీ గుర్తుంది. రైతు పొలంలో పరీక్షించి చూడని పంటను దేశమంతా రుద్దడం తప్పు.

కానుగ కథ కాస్త మెరుగు. అది మనకు కొత్త చెట్టు కాదు. రోడ్ల పక్కన నీడనిస్తుంది, ఆకు పచ్చిరొట్టగా పొలానికి పోతుంది, చెక్క ఎరువవుతుంది, వేళ్లు గాలిలోని నత్రజనిని నేలకు అందిస్తాయి. గింజలో 30 శాతం పైచిలుకు నూనె, అదీ తినడానికి పనికిరానిది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ అనే గిరిజన గూడెంలో మహిళా సంఘం కానుగ మొక్కలు నాటి, గింజలు సేకరించి నూనె తీసింది. డీజిల్ బదులు ఆ నూనె వాడటం వల్ల తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడుకు గాను 2003లో ప్రపంచ బ్యాంకు ఆ మహిళలకు 645 డాలర్లు చెల్లించింది. మొత్తం చిన్నదే కావచ్చు, గూడెం ఆడవాళ్ల పనికి ప్రపంచ బ్యాంకు వెల కట్టి ఇచ్చిన డబ్బు అది. అయితే కానుగ కాపుకు రావడానికి ఐదారేళ్లు పడుతుంది, గింజ ఏరే కూలి గిట్టాలి. అది నిదానంగా ఎదిగే వనరు.

తినే నూనెను ఇంజిన్‌కు పోద్దామా అంటే, మనకు కావలసిన వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. ఇండోనేషియా 2025లో డీజిల్‌లో 40 శాతం పామాయిల్ బయోడీజిల్ కలిపే స్థాయికి చేరింది. దానికి సొంత పామాయిల్ సముద్రమంత ఉంది, అందుకోసం నరికిన అడవులూ ఉన్నాయి. ఆ దారి మనకు సరిపడదు.

మిగిలింది వాడేసిన వంటనూనె. 2019లో ప్రభుత్వం చెప్పిన లెక్క వినండి. దేశంలో ఏటా వాడే వంటనూనె 2,700 కోట్ల లీటర్లు. హోటళ్లు, క్యాంటీన్లు లాంటి పెద్ద వాడకందార్ల నుంచి 140 కోట్ల లీటర్ల వాడిన నూనె సేకరించవచ్చు. దానితో 110 కోట్ల లీటర్ల బయోడీజిల్ వస్తుంది. మనం ఏటా కాల్చే డీజిల్ 10,000 కోట్ల లీటర్ల పైమాటే. అంటే పూర్తిగా సేకరించినా తీరేది ఒక శాతం. దీంతో దిగుమతుల భారం తీరిపోతుందని నేను చెప్పను.

అయినా ఆ ఒక శాతం కోసం పట్టుబట్టాలంటాను. ఎందుకంటే ఆ నూనె ట్యాంకులోకి పోకపోతే మన కడుపులోకే వస్తుంది. పెద్ద హోటల్లో నల్లబడ్డ నూనె డబ్బాలకెక్కి చిన్న బండ్ల దగ్గరికి చేరుతుంది, అక్కడ మళ్లీ పూరీలు, పునుగులు, బజ్జీలు వేగుతాయి. లేకపోతే మురుగుకాలువలో పడి పైపులను మూసేస్తుంది. కాగి కాగి విరిగిన నూనెలో పోలార్ పదార్థాలు పెరుగుతాయి. అవి 25 శాతం దాటితే ఆ నూనె వంటకు పనికిరాదని 2018 జులై నుంచి నిబంధన ఉంది. రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడే హోటళ్లు ఆ లెక్క రాసిపెట్టాలి, వాడిన నూనెను అనుమతి ఉన్న సేకరణదారులకే ఇవ్వాలి. ఆహార భద్రతా సంస్థ దీనికోసం రూకో అనే కార్యక్రమం నడుపుతోంది. నిబంధన కాగితం మీద బాగుంది. తనిఖీ గట్టిగా ఉన్న చోటే అమలవుతోంది.

కల్తీ మాట కూడా చెప్పాలి. గుజరాత్, మహారాష్ట్ర లాంటి చోట్ల రోడ్డు పక్కన ట్యాంకులు పెట్టి, చవకబారు పారిశ్రామిక నూనెలను బయోడీజిల్ అని లారీలకు అమ్మిన ముఠాలను పోలీసులు పట్టుకున్నారు. లీటరుకు పది పదిహేను రూపాయలు మిగులుతుందని పోయించుకున్న లారీ యజమాని చివరికి పంపుకూ ఇంజెక్టర్లకూ లక్షలు పోస్తాడు. అసలైన బయోడీజిల్ డీజిల్ కన్నా అంత చవగ్గా దొరకదు. తయారీ ఖర్చే అందుకు ఒప్పుకోదు.

కాబట్టి బండి యజమానులకు నా విన్నపం. లైసెన్సు, బిల్లు, నాణ్యత పత్రం చూపించలేని చోట బయోడీజిల్ పోయించుకోకండి. కంపెనీ బంకులో కొద్ది శాతం కలిపి ఇస్తే అనుమానం లేకుండా పోయించుకోండి. హోటళ్ల వారికి, కర్రీ పాయింట్ల వారికి, పెళ్లి వంటల కాంట్రాక్టర్లకు ఇంకో విన్నపం. మీ మూకుడులో మిగిలిన నల్లనూనెను డబ్బాకు ఇంత అని కొనుక్కుపోయే దళారికి ఇవ్వకండి. అనుమతి ఉన్న సేకరణదారుడి పేరు మీ ఊరి ఫుడ్ సేఫ్టీ అధికారిని అడిగి తెలుసుకోండి, అతనికే తూచి ఇచ్చి రసీదు తీసుకోండి.